డైలాగులు వినపడట్లేదా? విడి స్పీకర్లతో హోమ్ థియేటర్ పెట్టుకోవడం ఎలా?

పాటలొస్తే ఇల్లు దద్దరిల్లుతుంది, మాటలొస్తే ఒక్కటీ అర్థం కాదు. రిమోట్ కింద పెట్టే వీలే ఉండదు. అన్నీ కలిపి ఒకే డబ్బాలో వచ్చే సెట్ పక్కన పెట్టి రిసీవర్, స్పీకర్లు విడివిడిగా కొనుక్కుంటే ఈ తలనొప్పి చాలావరకు పోతుంది. అన్నీ ఒకేసారి కొనక్కర్లేదు కూడా.

1. ముందు ఏవీ రిసీవర్ కొనండి. టీవీ శబ్దాన్ని అందుకుని స్పీకర్లన్నిటికీ పంచే పెట్టె అది. డబ్బా మీద వాట్స్ అంకె చూసి మురిసిపోకండి. పవర్ రెట్టింపైనా పెరిగే శబ్దం 3 డెసిబెల్సే, అంటే కాస్తంతే. టీవీకి కలపడానికి ఈఆర్క్ (టీవీ శబ్దాన్ని అదే వైరు మీద రిసీవర్‌కి పంపే సదుపాయం) ఉన్న హెచ్‌డీఎంఐ, వెనక ప్రీ-అవుట్ సాకెట్లు ఉన్నాయేమో చూడండి. ప్రీ-అవుట్ ఉంటే రేపెప్పుడైనా విడిగా పవర్ యాంప్లిఫయర్ తగిలించుకోవచ్చు. మామూలు హాలుకి ఆ అవసరం రాకపోవచ్చు, తొందరపడకండి.

2. స్పీకర్లలో ఖర్చు పెట్టాల్సింది సెంటర్ మీద, అంటే టీవీ దగ్గర మధ్యలో ఉండే స్పీకర్ మీద. 5.1 (ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌ఊఫర్) సినిమాలో డైలాగులు దాదాపు అన్నీ దాన్లోంచే వస్తాయి. ముందుండే మూడూ (ఎడమ, సెంటర్, కుడి) ఒకే కంపెనీవి, ఒకే సిరీస్‌వి తీసుకోండి. లేదంటే తెర మీద బైకు ఎడమ నుంచి కుడికి వెళ్తుంటే మధ్యలో ఇంజిన్ శబ్దం మారిపోతుంది. బడ్జెట్ చాలకపోతే ఈ మూడూ, ఒక సబ్‌ఊఫర్‌తో మొదలుపెట్టి పక్కల పెట్టే సరౌండ్ స్పీకర్లు తర్వాత కొనండి.

3. కరెంటు ప్లగ్ తీశాకే వైర్లు కలపండి. మామూలు గదికి 16 గేజ్ రాగి వైరు చాలు. ప్లస్ ప్లస్‌కి, మైనస్ మైనస్‌కి. ఒక్క స్పీకర్‌కి తిరగబడినా బేస్ పల్చబడిపోతుంది. రాగి పోగులు బాగా మెలితిప్పండి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌కి తగిలినా షార్టే.

4. ఇక ఎక్కడ పెట్టాలన్నది. సెంటర్‌ని టీవీ యూనిట్ గూట్లోకి తోసేస్తే మాట బొంగురుగా వస్తుంది. షెల్ఫ్ అంచుదాకా లాగి, కింద రబ్బరు ముక్క పెట్టి, మీ చెవుల వైపు కాస్త పైకి తిప్పండి. సరౌండ్లు మీకు పక్కగా, కొంచెం వెనక్కి, చెవుల కన్నా కాస్త ఎత్తులో ఉండాలి.

సబ్‌ఊఫర్‌కి ఒక పాత చిట్కా ఉంది. దాన్ని మీరు కూర్చునే సోఫా మీద పెట్టి, బేస్ బాగా ఉన్న పాట వేసి, గోడల వెంబడి నేల మీద పాకుతూ వినండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఒకచోట బొయ్యిమని మోగుతుంది, రెండడుగులు జరిగితే మాయమవుతుంది. ఎక్కడ సమంగా వినిపిస్తుందో అక్కడే సబ్ పెట్టండి.

5. ఫ్యాను, ఏసీ ఆపేసి, రిసీవర్‌తో వచ్చిన మైకును చెవి ఎత్తులో ఉంచి ఆటో సెటప్ నడపండి. స్పీకర్ల శబ్దాన్ని కొలిచి రిసీవరే సర్దుకుంటుంది. అయ్యాక మెనూ ఓసారి చూడాలి. చిన్న స్పీకర్లను కూడా అది ‘లార్జ్’ అని రాసేసుకుంటే ‘స్మాల్’ చేసి, క్రాసోవర్ 80 హెర్ట్జ్ పెట్టండి, అంతకన్నా కిందిస్థాయి బేస్ సబ్‌కి వెళ్తుంది. సబ్ వెనకుండే క్రాసోవర్ నాబ్‌ను పైదాకా తిప్పేయండి, ఆ పని రిసీవర్ చూసుకుంటుంది. మాటలు ఇంకా తక్కువనిపిస్తే సెంటర్ లెవల్ 2 డెసిబెల్స్ పెంచండి.

టీవీ సెట్టింగ్స్‌లో ఆడియో అవుట్ పీసీఎం మీద ఉంటే చాలాసార్లు 5.1 కాస్తా స్టీరియో అయిపోతుంది. బిట్‌స్ట్రీమ్‌కో పాస్‌త్రూకో మార్చండి.

ఇంత చేసినా మాట గింగురుమంటుంటే తప్పు గదిది. టైల్స్ నేల, ఉత్త గోడల మధ్య శబ్దం తిరుగుతూనే ఉంటుంది. సోఫా ముందు మందపాటి తివాచీ, కిటికీలకు బరువైన కర్టెన్లు వేసి, ఆటో సెటప్ మళ్లీ నడపండి.