ఆర్‌సీ కారు ఆర్మ్ వంగిందా? నీళ్లు మరిగించే ముందు పిన్ను తీసి చూడండి

ఆర్‌సీ కారును, అంటే రిమోట్‌తో నడిపే చిన్న కారును, నేల మీద పెడితే ఒక చక్రం లోపలికి వాలినట్టు ఉంటుంది. స్టీరింగ్ ట్రిమ్ (చక్రాలను తిన్నగా నిలిపే రిమోట్ సర్దుబాటు) ఎంత సరిచేసినా బండి ఒక పక్కకే లాగుతుంది. టైరు ఒక అంచునే అరుగుతుంది. ఆర్మ్ వైపు, అంటే చక్రాన్ని బండికి కలిపే ప్లాస్టిక్ చేయి వైపు, చూస్తే నిజంగానే కాస్త వంకరగా కనిపిస్తుంది. ఇక చాలామంది ఆలోచించరు. ఆర్మ్ ఊడదీసి, మరిగే నీళ్లలో వేసి, సాగదీసి, బిగించేస్తారు. రెండు బ్యాటరీలు ఖాళీ అయ్యేదాకా నడిపేసరికి వంకర మళ్లీ మొదటికొస్తుంది, కొత్త ఆర్మ్ కొంటారు, అదీ అలాగే అవుతుంది. ఇది పదే పదే చూస్తున్నాను కాబట్టే రాస్తున్నాను.

ముందు ఈ పరీక్ష చేయండి, నిమిషం పని. షాక్ (కుదుపులు ఆపే స్ప్రింగ్ భాగం) కింది స్క్రూ ఒక్కటి తీసేసి, ఆర్మ్‌ను పైకెత్తి వదలండి. తన బరువుకు తనే కిందికి జారాలి. మధ్యలో ఆగిపోయినా, ఒకచోట బిగుసుకుని ఆ తర్వాత వదులైనా, అనుమానించాల్సింది హింజ్ పిన్నును, అంటే ఆర్మ్ పైకీ కిందికీ ఆడే ఇరుసును.

అసలు దొంగ: వంగిన హింజ్ పిన్ను

దెబ్బ తగిలినప్పుడు నైలాన్ ఆర్మ్ వంగి, మళ్లీ తన ఆకారానికి వచ్చేస్తుంది. దాని గుణమే అది. లోపలున్న సన్నటి ఉక్కు పిన్ను అలా కాదు, ఒక హద్దు దాటి వంగిందంటే ఇక వంగినట్టే ఉంటుంది. అప్పటినుంచి ఆ పిన్నే ఆర్మ్‌ను వంకరగా పట్టి ఉంచుతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే ప్లాస్టిక్ కూడా మెల్లగా ఆ వంకరకే అలవాటు పడుతుంది. అంటే మీరు ఆర్మ్‌ను ఎంత చక్కగా సరిచేసినా, పాత పిన్ను తిరిగి పెట్టిన మరుక్షణం దాన్ని మళ్లీ వంచుతున్నారు.

ఆర్మ్‌లో ఉండగా పిన్ను వంకర కంటికి కనబడదు. బయట కనిపించే రెండు కొనలూ బాగానే ఉంటాయి, వంపంతా రంధ్రం లోపల దాక్కుంటుంది. పిన్ను తిరిగే రకమైతే కొనను ప్లయర్‌తో పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. పిన్నుతో పాటు ఆర్మ్ అటూ ఇటూ ఊగితే వంగిందన్నమాటే. గ్రబ్ స్క్రూతో (తల లేని చిన్న స్క్రూ) బిగించిన రకమైతే ముందు ఆ స్క్రూ వదులు చేయాలి. బయటికి తీశాక అద్దం మీద పెట్టి వేలితో దొర్లించండి. మంచి పిన్ను చప్పుడు లేకుండా దొర్లుతుంది. వంగినది టకటకమంటుంది, మధ్యలో దాని కింద నుంచి వెలుతురు కనిపించి మాయమవుతుంది.

తీసేటప్పుడు కొట్టి లాగకండి. కొనను తిప్పుతూ లాగండి. ప్లయర్ పళ్లు గీరిన గరుకు కొన రంధ్రంలోంచి పోవాల్సి వస్తే ముందు ఆకురాయితో నున్నగా చేయండి, లేకపోతే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగి ఆ ఆర్మ్ ఎప్పటికీ వదులుగానే ఉంటుంది. వంగిన పిన్నును సుత్తితో సరిచేసి వాడొద్దు. చూపుకు తిన్నగా వచ్చినా అద్దం మీద ఆ చప్పుడు పోదు. కొత్తది వేయండి. బయటి పిన్నును, అంటే చక్రం బిగించే హబ్ వైపున్నదాన్ని కూడా ఇలాగే దొర్లించి చూడండి.

పిన్ను మంచిదే, ఆర్మే వంగింది

ఇప్పుడు నీళ్లు పెట్టండి. నైలాన్ కరగాలంటే 220 డిగ్రీల దాకా వెళ్లాలి, మరిగే నీళ్లు 100 దగ్గరే ఆగుతాయి కాబట్టి కాలిపోతుందన్న భయం లేదు. హీట్ గన్‌తో ఆ భరోసా ఉండదు, పైపొర మెరుపెక్కేసరికి లోపల ఇంకా గట్టిగానే ఉంటుంది. ఆర్మ్‌ను దారంతో వేలాడదీసి, గిన్నె అడుగుకు తగలకుండా ఐదారు నిమిషాలు ఉంచండి. మందంగా ఉంటే ఇంకొంచెం సేపు. గుడ్డతో పట్టుకుని, కావలసిన దానికంటే పిసరంత ఎక్కువ వంచండి, ఎందుకంటే కొంత వెనక్కి వస్తుంది. తిన్నని పిన్ను రంధ్రంలో ఉంచే, పూర్తిగా చల్లారేదాకా పట్టి ఉంచండి. చన్నీళ్లలో ముంచితే పైన త్వరగా చల్లారుతుంది గానీ లోపలి వేడి పోలేదని గుర్తుంచుకోండి.

ఆర్మ్‌ను గ్రానైట్ బండ మీద అదిమి చదును చేయకండి. చాలా ఆర్మ్‌లు తయారీలోనే వాలుగా ఉంటాయి. లోపలి రంధ్రంలో ఒక పిన్ను, బయటి రంధ్రంలో ఒక పిన్ను పెట్టి పక్కనుంచి ఒంటి కన్నుతో చూడండి. ఒకదాని వెనక ఒకటి దాగితే మెలిక లేనట్టు. అనుమానముంటే అవతలి పక్క ఆర్మ్‌తో పోల్చండి.

వంపు దగ్గర తెల్లగా చార పడినా, రంధ్రం అంచున సన్నటి బీట కనిపించినా నీళ్లు దండగ, పారేయండి. గ్లాస్ ఫైబర్ కలిపిన గట్టి ఆర్మ్‌లు వంగడం కంటే విరగడమే ఎక్కువ. అలాంటిది వంగినట్టు కనిపిస్తే తొంభై పాళ్లు పిన్నే.

షాక్ కడ్డీ వంగడం, బల్క్‌హెడ్ (ఆర్మ్ లోపలి కొనను పట్టే భాగం) పగలడం, ఛాసిస్ (బండి అడుగు చట్రం) మెలికపడటం కూడా ఉంటాయి గానీ అరుదు. పిన్ను, ఆర్మ్ రెండూ సరిగ్గా ఉన్నాకే వాటి జోలికి వెళ్లండి.

దెబ్బేమీ తగలకుండానే ఆర్మ్‌లు వంగుతున్నాయంటే, ఎండాకాలం మూసిన కారు డిక్కీలో బండిని వదిలేస్తున్నారేమో చూసుకోండి. విజయవాడ మే ఎండకు ఆ డిక్కీలో వేడి నైలాన్‌ను మెత్తబరచేంత ఉంటుంది, పైన బండి బరువు ఉండనే ఉంది. చక్రాలు నేలకు ఆనకుండా స్టాండ్ మీద పెట్టి, ఇంట్లో నీడలో ఉంచండి.