షుగరు ఉన్నవారి కాళ్లకు నూనె: ఎక్కడ రాయాలి, ఎక్కడ వద్దు

లినోలెయిక్, ఓలెయిక్ అనే కొవ్వు ఆమ్లాలు పూస్తే ఎలుకల్లో గాయాలు త్వరగా మానినట్టు ప్రయోగాల్లో కనిపించింది. దాన్ని చూసి పుండులో నూనె పోయకండి. ఎలుక చర్మం వదులుగా ఉంటుంది, దాని గాయం చాలావరకు అంచులు ముడుచుకుని మూసుకుంటుంది. మనిషి అరికాల్లో అడుగు నుంచి కొత్త కండ నిండాలి, దాని మీదుగా చర్మం పాకాలి. పైగా ప్రయోగాల్లో వాడేది కొలిచి తీసుకున్న మందు, వంటింటి సీసాలోది శుద్ధి చేసిన మందు కాదు. కాబట్టి నూనె తెగని చర్మానికే.

అక్కడ మాత్రం దాని అవసరం చాలా ఉంది. నరాలు దెబ్బతింటే పాదాలకు చెమట సరిగా పట్టదు, చర్మం ఎండి మడమలు పగులుతాయి. స్పర్శ తగ్గినవాళ్లకు ఆ పగులు నొప్పెట్టదు, క్రిములకు మాత్రం దారి దొరుకుతుంది. పై పొరలో నీటిని నిలిపి ఉంచే కొవ్వుల తయారీకి లినోలెయిక్ ఆమ్లం కావాలి. అది పొద్దుతిరుగుడు, కుసుమ నూనెల్లో ఎక్కువ. సీసా మీద ‘హై ఓలెయిక్’ అని ఉంటే అది వేరే రకం, వద్దు. నువ్వుల నూనెలో ఈ రెండు ఆమ్లాలూ ఇంచుమించు 40 శాతం చొప్పున ఉంటాయి, ఫర్వాలేదు. కొబ్బరి నూనెలో లినోలెయిక్ 2 శాతం దరిదాపుల్లోనే ఉన్నా తేమ పోకుండా ఆపుతుంది. ఆలివ్ నూనెలో ఓలెయిక్ బాగా ఎక్కువ, అది చర్మపు కొవ్వుల అమరికను సడలిస్తుంది. ఆవనూనె చర్మాన్ని మండిస్తుంది. ఒకసారి వేయించిన నూనె, పాత వాసన కొట్టే నూనె పారబోయండి.

మొదట మోచేతి లోపలివైపు ఒక చుక్క రాసి ఒక రోజు చూడండి. దురద, దద్దు రాకపోతే పాదాలకు వాడొచ్చు. గోరువెచ్చని నీళ్లతో కడగండి. వేడి ఎంతుందో స్పర్శ బాగున్న ఇంకొకరు చూడాలి. నానబెట్టకండి. మెత్తటి గుడ్డతో అద్ది, వేళ్ల సందులు పూర్తిగా ఆరనిచ్చి, మిగతా చర్మంలో కాస్త చెమ్మ ఉండగానే రెండు పాదాలకూ కలిపి అర టీస్పూను నూనె పలుచగా రాయండి. వేళ్ల సందుల్లో రాస్తే అక్కడ చర్మం తెల్లగా నాని ఫంగస్ పడుతుంది. నూనె కాళ్లతో టైల్స్ మీద నడిస్తే జారి పడతారు, కాటన్ సాక్స్, చెప్పులు వేసుకోండి. మడమ మరీ గట్టిపడితే నూనె చాలదు: 10 నుంచి 25 శాతం యూరియా క్రీమ్ రాత్రిపూట రాయాలి, పగులు తెరిచి ఉన్నచోట తప్పించి. ఆనెలను బ్లేడుతో కోయడం, వాటిని కరిగించే ఆసిడ్ ప్లాస్టర్ అంటించడం ఎప్పటికీ వద్దు.

ఇక చర్మం తెగిందంటే పద్ధతి మారుతుంది. లీటరు నీళ్లు మరిగించి, 9 గ్రాముల ఉప్పు (తలగొట్టి సుమారు ఒకటిన్నర టీస్పూన్లు) కలిపి చల్లార్చి, ఆ నీటిని గాయం మీద ధారగా పోయండి. మిగిలింది మర్నాటికి దాచొద్దు. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ కొత్త కణాలను కూడా చంపుతాయి. పసుపు, బూడిద పెడితే పుండు అడుగు కనబడదు. స్టెరైల్ గాజుగుడ్డ (క్రిములు లేని పలుచని కట్టు గుడ్డ) కప్పి కట్టు కట్టండి. గాయం చుట్టూ రెండు అంగుళాల మేర నూనె రాయకండి, ప్లాస్టర్ ఊడిపోతుంది. అదే రోజు, లేదంటే మర్నాడు డాక్టరుకు చూపించండి, టెటనస్ సూది సంగతీ అడగండి. ఎరుపు పాకడం, చీము, దుర్వాసన, నలుపు, జ్వరం, ఉన్నట్టుండి పెరిగిన షుగరు, వీటిలో ఏది కనబడ్డా అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి.

అరికాలి పుండు మానకపోవడానికి పెద్ద కారణం పూత లోపం కాదు, దాని మీదే నడవడం. నొప్పి లేదు కదా అని నడుస్తూనే ఉంటారు! ఆ చోట బరువు పడకుండా కాస్ట్ (కాలికి వేసే గట్టి కట్టు) గానీ ప్రత్యేక చెప్పు గానీ అడిగి వేయించుకోండి. వారానికోసారి పుండు పొడవు, వెడల్పు స్కేలుతో కొలిచి రాసుకోండి. 4 వారాల్లో విస్తీర్ణం సగానికి తగ్గకపోతే కాలికి రక్తప్రసరణ, ఎముకలో ఇన్ఫెక్షన్, పాదం మీద పడే ఒత్తిడి మళ్లీ పరీక్షించమని డాక్టరును అడగండి.