నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఇంటికి చుట్టాలు చేయగలిగిన సాయం

మన వైపు బిడ్డ పుట్టిందంటే చూడ్డానికి వెళ్ళకపోతే ఏళ్ళ తరబడి దెప్పుతారు. అయినా సరే, 37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డని ఎస్‌ఎన్‌సీయూలో (పసికందులకి ప్రత్యేక వైద్యం చేసే ఆసుపత్రి వార్డులో) పెట్టారంటే పదిమంది పళ్ళు పట్టుకుని వెళ్ళకండి, పని పంచుకునే మనిషి ఒక్కరు వెళ్తే చాలు.

ముందు నోరు కట్టుకోవాలి. "ఎంత చిన్న గుంటో, బతుకుతాదేటి?" అని బాలింత ముందే అనేస్తారు. ఏడో నెల బిడ్డ నిలుస్తుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ నిలవదు అనే మాట ఇంకోటి. అది తప్పు, నెలలు నిండేదాకా కడుపులో ఎన్ని వారాలు ఎక్కువుంటే బిడ్డకి అంత మంచిది.

"పాలు పడట్లేదా?" అని అసలు అడగొద్దు. మొదట్లో వచ్చేవి చెంచాడే, ఆ ముర్రుపాలే ఆ బిడ్డకి మందు. బిడ్డ ఇంకా చప్పరించలేకపోతే తల్లి రాత్రీ పగలూ రెండు మూడు గంటలకోసారి పిండాలి, అప్పుడే పాలు పెరుగుతాయి. బొటనవేలు పైన, మిగతా వేళ్ళు కింద, నల్లటి భాగం అంచున పెట్టి ఛాతీ వైపు కాస్త నొక్కి, వేళ్ళు దగ్గరికి తెచ్చి వదలాలి, అంతేగానీ మొన పట్టుకుని లాగకూడదు. గిన్నెలు మరిగించడం, రాత్రి రెండింటికి ఆమెని లేపి పక్కన కూర్చోవడం మీ పని. ఉగ్గుగిన్నెతో ఎలా పట్టాలో నర్సు దగ్గర మీరూ నేర్చుకోండి.

పురిటి పత్యం అని నీళ్ళు కూడా సరిగ్గా తాగనివ్వని ఇళ్ళు ఇంకా ఉన్నాయి, ఆ పత్యంతో పాలెక్కడ నుంచి వస్తాయి? క్యారేజీలో అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప పంపండి, చోడంబలి (రాగి అంబలి) ఇస్తే ఇంకా మంచిది. ఇచ్ఛాపురం, పలాస నుంచి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి వచ్చినవాళ్ళు రోజూ ఇంటికి పోయి రాలేరు కాబట్టి, ఊళ్ళో మీ ఇల్లుంటే స్నానానికీ కాస్త నిద్రకీ చోటివ్వండి, చేతిలో నాలుగు డబ్బులు పెట్టండి.

డాక్టరు సరే అన్నాక కంగారూ కేర్ మొదలు. టోపీ, సాక్సులు, డైపర్ తప్ప బట్టలేమీ లేకుండా బిడ్డని తల్లి గుండెల మీద నిలువుగా, తల ఒక పక్కకి తిప్పి, కాళ్ళు కప్పలా మడిచి ఉంచి గుడ్డతో కట్టాలి. తల్లి కొంచెం వెనక్కి వాలి కూర్చోవాలి. రోజుకి 8 గంటలైనా, ఇంకా ఎంత ఎక్కువైతే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. ఒక్క మనిషికి అది కష్టం. తల్లి తినడానికి లేచినప్పుడు నాన్న, అమ్మమ్మ అలాగే గుండెలకి కట్టుకోవచ్చు, దగ్గూ జలుబూ లేకపోతే చాలు. నాన్నలు మొదట్లో సిగ్గుపడతారు గానీ రెండోరోజుకి దించమన్నా దించరు.

డిశ్చార్జి రోజు 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ అడగండి, డబ్బులు తీసుకోరు. ఇంటికొచ్చాక నలుగు, సాంబ్రాణి పొగ, తేనె, వస ఏవీ వద్దు. స్నానం ఎప్పుడో డాక్టరే చెప్తారు. పొట్ట, పాదాలు తాకి చూస్తుండండి: పాదాలు మాత్రమే చల్లగా ఉంటే వెంటనే గుండెలకి హత్తుకోవాలి, పొట్ట కూడా చల్లబడితే ఆస్పత్రికి. పాలు తాగకపోయినా, డొక్కలు ఎగరేసినా, ఒళ్ళు నీలంగా మారినా, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా 108 కి ఫోన్ చేయండి. ఆశా కార్యకర్త వచ్చినప్పుడు బరువు తూయించండి. టీకాలు పుట్టిన తేదీ లెక్కనే వేయించాలి, డాక్టరు ఆగమంటే తప్ప. మెడ నిలపడం, బోర్లా పడటం మాత్రం నెలలు తీసేసి చూడాలి, రెండు నెలల ముందు పుట్టిన బిడ్డ ఆరు నెలలు నిండేసరికి నాలుగు నెలల బిడ్డతో సమానం.

చాలామంది మర్చిపోయేది కంటి పరీక్ష. 34 వారాలకన్నా ముందు గానీ, 2 కిలోలకన్నా తక్కువ బరువుతో గానీ పుడితే నెల తిరగకముందే కంటి లోపలి పొర (రెటీనా) చూపించాలి, మరీ చిన్న బిడ్డకి ఇంకా ముందే. పైకి కళ్ళు బాగానే ఉంటాయి, లోపల చెడిపోతూ ఉంటే ఆలస్యమయ్యాక చేసేదేమీ ఉండదు. డిశ్చార్జి కాగితంలో ఆ తేదీ రాయించుకోండి, ఆ రోజుకి బండి మాట్లాడి మీరే తీసుకెళ్ళండి.