మిర్చిని కుళ్లబెట్టింది ఫలానా బూజే అని రుజువు చేయడం ఎలా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో తాలు కింద పక్కన పడేసిన మిర్చిని భూతద్దం పెట్టి చూడండి, ఒక్కో కాయ మీద రెండు మూడు రకాల బూజు ఉంటుంది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా, కుళ్లులో దొరికిన ప్రతి బూజునూ దోషి అనడం అలాంటిదే. 1882లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని పట్టిన పద్ధతే ఇక్కడా కావాలి.

ముందుగా వేర్వేరు చేల నుంచి మచ్చ పడిన కాయలు, మంచి కాయలు తేవాలి. మచ్చలున్న వాటన్నిటిలో ఏదో ఒక శిలీంధ్రం (బూజు) ఉమ్మడిగా కనిపించాలి, మంచి కాయల మీద అది కనిపించకూడదు. కాయకుళ్లు తెచ్చే కొల్లెటోట్రైకమ్ ట్రంకాటమ్ అనే శిలీంధ్రపు బీజాలు (కంటికి కనిపించని స్పోర్లు) కొడవలిలా వంగి ఉంటాయి.

తరువాత దాన్ని విడిగా పెంచాలి. లీటరు నీటికి 200 గ్రాముల ఆలుగడ్డల కషాయం, 20 గ్రాముల డెక్స్‌ట్రోజ్, గడ్డకట్టించే అగార్ 20 గ్రాములు కలిపి, 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడి ఆవిరితో క్రిములు చంపి) మూత ఉన్న గాజు ప్లేట్లలో పోయాలి. ముక్క కోసేది మచ్చ నడిమి నుంచి కాదు, మంచి కండ కలిసే అంచు నుంచి. నడుమ చచ్చిన కండ మీద బతికే బూజులే ముందు లేస్తాయి. 5 మిల్లీమీటర్ల ముక్కను పైనున్న క్రిములు చావడానికి 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌ (బ్లీచ్ ద్రావణం)లో నిమిషం ముంచి, శుద్ధ నీటిలో మూడుసార్లు కడిగి ప్లేటులో పెట్టండి. 28 డిగ్రీల దగ్గర వారంలో పెరుగుతుంది. అందులోంచి ఒక్క బీజాన్నే తీసి మళ్లీ పెంచాలి. రెండు కలిసి ఉంటే నేరం ఎవరిదో ఎన్నటికీ తేలదు.

అసలు పరీక్ష ఇప్పుడు. మిల్లీలీటరుకు 10 లక్షల బీజాలుండే నీటిని, సూదితో గుచ్చిన పండు మిర్చి మీద 10 మైక్రోలీటర్ల చుక్కగా వేయాలి. అన్నే కాయలకు అదే సూదిపోటు, ఉత్త శుద్ధ నీటి చుక్క. తడి దూది పెట్టిన వేర్వేరు డబ్బాల్లో మూసి ఉంచండి. నీటి చుక్క కాయలూ కుళ్లితే పరీక్ష మొత్తం పారేయాల్సిందే. ఈ శిలీంధ్రం పైకి కనిపించకుండా కాయలో దాగి ఉండగలదు, అందుకే చేలో కోసినవి కాకుండా నెట్ కింద కుండీల్లో కాపించిన కాయలు వాడాలి. గుచ్చని కాయల మీదా వేసి చూడటం మంచిది. గాయం దొరికితే చాలు కుళ్లబెట్టే బూజులు చాలానే ఉన్నాయి.

గుంట పడి, నల్ల చుక్కల వలయాలున్న మచ్చలు వస్తే వాటి అంచు నుంచి మళ్లీ వేరు చేయాలి. అదే కొడవలి బీజం రావాలి.

తెల్లదోమ మోసుకొచ్చే, ఆకుముడత తెచ్చే జెమిని వైరస్‌కు ఈ దారి పనికిరాదు, అది ప్లేటులో పెరగదు. పైగా తామర పురుగు పైముడత, నల్లి కింది ముడత కూడా చూపును మోసం చేస్తాయి. అప్పుడు తెల్లదోమలను ముడత మొక్క మీద ఒక రోజు ఉంచి, వల కట్టిన మంచి నారు మీదికి వదలాలి. పక్క వలలోని నారు మీదికి జబ్బు మొక్కను ముట్టని తెల్లదోమలను వదలాలి.