సంగీత సాధనకు దినచర్య పుస్తకం రాసుకోవడం

కోనసీమలో నేను చూసిన సంగీత విద్యార్థులు పాఠం రాసుకొన్న పుస్తకాన్ని ఎంతో భద్రంగా దాచుకుంటారు గాని, సాధనకు వేరొక పుస్తకం పెట్టుకొన్నవారు అరుదు. పాఠం పుస్తకంలో గురువుగారు నేర్పినది ఉంటుంది. సాధన పుస్తకంలో మనకు ఏది, ఎక్కడ పట్టుబడలేదో ఉండాలి. ఈ రెండింటినీ కలపవద్దు.

మామూలు గీతల నోటుపుస్తకం చాలు. మన డెల్టాలో శ్రావణ భాద్రపదాల తేమకు కాగితం మెత్తబడి జెల్ పెన్ను సిరా అవతలి పుటకు దిగుతుంది కనుక బాల్ పెన్నుతో రాయడం మేలు.

తేదీ పక్కన ఎంతసేపు కూర్చున్నారో రాయండి. అయితే ఆ లెక్కకు నేను పెద్ద విలువ ఇవ్వను. ‘గంటసేపు వర్ణం (సాధనకు పునాదిగా నేర్చుకొనే రచన) వాయించాను’ అన్న మాట నెల తరువాత చదివితే ఏమీ చెప్పదు. రాగం, తాళం, కాలం (వాయించే వేగం), అంగం (రచనలోని భాగం), ఆవర్తనం (తాళం ఒక చుట్టు) వరుసగా చెప్పి తప్పు జరిగిన చోటును పట్టుకోవాలి: ‘మోహన వర్ణం, ఆది తాళం, రెండవ కాలం. ముక్తాయి స్వరం రెండవ ఆవర్తనంలో చివరి ద్రుతం దగ్గర ఎడమ చేయి తొందరపడింది. మొదటి కాలంలో ఈ తప్పు లేదు.’ (ముక్తాయి స్వరం వర్ణం మొదటి సగాన్ని ముగించే స్వరభాగం; ద్రుతం తాళంలో రెండక్షరాల ముక్క, ఆది తాళం చివర అవి రెండు వస్తాయి.) చోటు ఇంత కచ్చితంగా తెలిసినప్పుడు, మరునాడు వర్ణమంతా మొదటినుంచి వాయించకుండా, దానికి ముందున్న ద్రుతం నుంచి ఎత్తుకొని ఆ నాలుగక్షరాలనే పదేపదే సాధన చేయవచ్చు. మెట్రోనోమ్ (లయను టిక్కులతో కొట్టే పరికరం) వాడేవారు వేగాన్ని, అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలో, అంకెలలో రాయాలి. 60 దగ్గర శుభ్రంగా పలికి 72 దగ్గర చెదిరిన సంగతి అలసట వల్ల వచ్చిన తప్పునూ, వేగం వల్ల వచ్చిన తప్పునూ వేరుచేసి చూపుతుంది.

చెదిరిన స్వరాలను స్వరలిపిలోనే రాయండి. పై స్థాయికి స్వరం మీద చుక్క, కింది స్థాయికి స్వరం కింద చుక్క మనకు అలవాటైనవే. గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) కుదరని స్వరం మీద అల గీత గీస్తే చాలు.

శ్రుతినీ, వాద్యం స్థితినీ తప్పక నమోదు చేయాలి. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. ఒక వేసవిలో నా వీణ మీద పై స్థాయి ధైవతం పలుచగా పలుకుతుంటే, నా చెవి మొద్దుబారిందని చాలా రోజులు బాధపడి, అదే స్వరాన్ని విసుగు లేకుండా సాధన చేశాను. పాత పుటలు తిరగవేస్తే ఆ ఫిర్యాదు రోహిణి కార్తెలోనే మొదలైంది, అంతకుముందు ఎక్కడా లేదు. వీణకున్న 24 మెట్లనూ నిలిపే మైనం ఎండకు మెత్తబడి మెట్టు కదిలిందని అప్పుడు తెలిసింది. మేళం (మైనం మీద మెట్ల అమరిక) సరిచేయించగానే స్వరం కుదిరింది. అప్పటినుంచి తేదీతోపాటు కార్తె పేరు కూడా రాస్తున్నాను. మృదంగం వాయించేవారికి వానకాలంలో చర్మం వదులై శ్రుతి దిగడం ఇలాంటిదే. గాత్రం పాడేవారు ఆ రోజు గొంతు స్థితినీ, పెట్టుకొన్న శ్రుతినీ రాస్తే సరిపోతుంది.

విన్నదానికి కొంత చోటు ఉంచండి. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారి వీణా వాదనమో, కాకినాడలో పుట్టిన ఆయన శిష్యులు చిట్టిబాబుగారి వాదనమో విన్నప్పుడు ‘అద్భుతంగా ఉంది’ అని వదిలేయక, ఒకే మీటు మీద తీగను లాగి ఎన్ని స్వరాలు పలికించారో లెక్కపెట్టి రాయండి. మరునాటి సాధనకు అదే పనికివస్తుంది.

గురువుగారు దిద్దిన మాటను మన భాషలోకి మార్చక, వారన్నది అన్నట్లే ఎర్ర సిరాతో రాయాలి. ఆ రోజు అర్థం కాని మాట ఆరు నెలల తరువాత అదే పుటలో అర్థమవుతుంది, కానీ మార్చి రాసినదానిలో ఆ అవకాశం ఉండదు.

ఆదివారం సాయంత్రం వాద్యం ముట్టకముందు వారం పుటలన్నీ చదవండి. మూడుసార్లు కనిపించిన తప్పు కింద గీత గీసి, సోమవారం సరళీ వరుసలు (తొలి స్వర పాఠాలు) కాగానే మొదట చేయవలసిన పనిగా దానినే కొత్త పుట తలమీద రాసి పుస్తకం మూయండి.