నాలుక రంగు మారిందా? ముందు గీకి చూడండి

నాలుక మీద ఏ మార్పు కనిపించినా మన ఇళ్లలో వచ్చే మాట ఒకటే: "వేడి చేసింది, మజ్జిగ తాగు." రెండు రోజులు పోయాక ఒక బీకాంప్లెక్స్ బిళ్ల. చాలాసార్లు దానంతట అదే తగ్గిపోతుంది. తగ్గనప్పుడు కూడా అదే మాట అనుకుంటూ నెలలు గడిపేయడమే ప్రమాదం.

పొద్దున పళ్లు తోముకున్నాక, టీ తాగకముందు, పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడండి. రెండు విషయాలు చూడండి. గీకితే పోతోందా? ఎన్నాళ్లుగా ఉంది?

తెల్లగా ఉంది

గీకితే పోయి కింద మామూలు రంగు కనిపిస్తే అది పాచి. జ్వరపడి లేచినవాళ్లకి, నీళ్లు తక్కువ తాగేవాళ్లకి, నోరు తెరుచుకుని నిద్రపోయేవాళ్లకి ఎక్కువ. నీళ్లు బాగా తాగి, రోజూ బద్దతో మెల్లగా గీసుకుంటే చాలు. వేపపుల్లతో తోముకుని, దాన్నే నిలువునా చీల్చి నాలుక గీసుకునే పాత అలవాటు ఇందుకే.

పెరుగు తరకల్లా ఊడి, కింద ఎర్రగా మండుతూ ఒక్కోసారి రక్తం వస్తే అది కాండిడా అనే ఫంగస్. యాంటీబయాటిక్స్ వాడినవాళ్లలో, షుగర్ అదుపులో లేనివాళ్లలో, రాత్రి కూడా కట్టుడు పళ్లు తీయనివాళ్లలో వస్తుంది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించకపోయినా వస్తుంది. డాక్టర్ ఇచ్చే ఫంగస్ మందుతో తగ్గుతుంది, కానీ కారణం సరిచేయకపోతే మళ్లీ వస్తుంది. ఊరికే తిరగబెడుతుంటే షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు చేయించుకోండి.

ఎంత గీకినా పోని తెల్లమచ్చ మాత్రం వేరే సంగతి. ఇది ల్యూకోప్లాకియా కావచ్చు. ఖైనీ, గుట్కా, చుట్ట, సిగరెట్ అలవాటున్నవాళ్లలో ఎక్కువ. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ వీటిలో కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. పొగాకు మానేసి, డెంటల్ డాక్టర్‌కి చూపించి, చెబితే ముక్క పరీక్ష చేయించుకోవాలి. శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు పెద్దవయసు ఆడవాళ్లలో ఉంది. దాని దెబ్బ ఎక్కువగా అంగిలికి తగులుతుంది. మీ ఇంట్లో అలాంటి అమ్మమ్మ ఉంటే నాలుకతో పాటు అంగిలి కూడా టార్చి వేసి చూడండి.

ఎర్రగా, నున్నగా అయింది

నాలుక మీది సన్నని బొడిపెలు అరిగిపోయి, ఆవకాయ ముట్టుకోలేనంత మంట. ఎక్కువసార్లు కారణం బీ12, ఐరన్ లేదా ఫోలిక్ యాసిడ్ లోపం. మా అమ్మకి ఇలాగే అయితే ఏడాదిపాటు వేడి అనుకున్నాం. ఆవిడ శాకాహారి, పైగా ఏళ్ల తరబడి షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటోంది. ఈ రెండూ బీ12 తగ్గిస్తాయని మాకు అప్పుడు తెలియదు. కాళ్లు తిమ్మిర్లు మొదలయ్యాకే పరీక్ష చేయించాం. మీరు అంతదాకా ఆగొద్దు. ఒట్టి ఫోలిక్ యాసిడ్ బిళ్లలు మింగితే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. అందుకే ముందు రక్తపరీక్ష, తర్వాతే మందు.

పుండు మానడం లేదు

మామూలు నోటిపూత వారం పది రోజుల్లో మానుతుంది. విరిగిన పన్ను గీరుకుంటుంటే ఆ పన్ను సరిచేయించాలి. 2 వారాలు దాటినా మానని పుండు, ముఖ్యంగా నాలుక అంచున గట్టిగా తగిలేది, నొప్పి లేకపోయినా తప్పకుండా చూపించాలి.

వక్క, గుట్కా నమిలేవాళ్లకి కారం తగిలితే మంట, నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టకపోవడం ఉంటే ఆ రోజే మానేసి డెంటల్ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

చూడటానికి భయంగా ఉంది

మ్యాపులా మచ్చలు రోజురోజుకీ చోటు మారడం, పుట్టుకతో ఉన్న గాడులు ప్రమాదం కాదు. నల్లగా వెంట్రుకల్లా కనిపించినా పొగ, టీ తగ్గించి శుభ్రంగా గీసుకుంటే పోతుంది. ఐరన్ టానిక్ మరక కూడా అంతే.

వెంటనే బయలుదేరాల్సినవి

పిల్లలకి 5 రోజులుగా జ్వరం, స్ట్రాబెర్రీలా ఎర్రటి నాలుక, ఎర్రటి కళ్లు, ఒంటి మీద దద్దుర్లు ఉంటే కవాసాకి జబ్బు కావచ్చు. గుండె రక్తనాళాలు దెబ్బతినకుండా జ్వరం మొదలైన 10 రోజుల్లోపే చికిత్స అందాలి. నాలుక నీలంగా మారి ఊపిరి ఆడకపోయినా, చాపమన్న నాలుక ఉన్నట్టుండి ఒక పక్కకి పోయి మాట ముద్దగా వస్తున్నా 108కి ఫోన్ చేయండి.