పలుచగా ఉండి, ఎంత వంచినా విరగని భాగానికి ఏ ప్లాస్టిక్ వాడాలి?

షాంపూ సీసా మూతను ఒకసారి దగ్గరగా చూడండి. మూతను, కింది బిరడాను కలిపి ఉంచేది కాగితంలాంటి ఒక పలుచని పొర. రోజూ తెరిచి మూసినా తెగదు. సాధారణంగా అది పాలీప్రొపిలీన్. డబ్బా కీలు విరిగితే, పెట్టె మూతకు పట్టీ కావాలంటే ముందుగా ఆలోచించవలసింది దీని గురించే.

మొదట మందం తేల్చుకోండి. విరిగిన చోట ఇంకా మందమైన ముక్క వేయాలనిపిస్తుంది. అది పొరపాటు. అర మిల్లీమీటరు రేకును 5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో వంచితే దాని బయటి వైపు సుమారు 5 శాతం సాగాలి. మందం రెట్టింపైతే సాగవలసినదీ రెట్టింపే. పాలీస్టైరీన్, యాక్రిలిక్ అంత సాగలేక పగులుతాయి. త్రీడీ ప్రింటర్లలో వాడే పీఎల్‌ఏ కూడా ఇలాంటి పనికి పనికిరాదు. ప్రింట్ చేయాలంటే రబ్బరులా వంగే టీపీయూ ప్లాస్టిక్ మేలు.

తర్వాత ముక్కను వెతకండి. పాత ఫైలు అట్ట, ఐస్‌క్రీం డబ్బా మూత చాలు. త్రికోణం గుర్తులో 5 అంకె ఉంటే పాలీప్రొపిలీన్. గుర్తు లేకపోతే చిన్న ముక్కను నీటిలో ముంచి వదలండి. పాలీప్రొపిలీన్, పాలిథిన్ తేలతాయి. పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్), నైలాన్ మునుగుతాయి.

మా మందుల డబ్బాకు ఫైలు అట్టతోనే కీలు వేశాను. మడత గీతను బ్లేడుతో గీయకండి, పగులు ఆ గాటు దగ్గరే మొదలవుతుంది. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో, స్కేలు ఆనించి, గట్టిగా నొక్కుతూ రెండు మూడు సార్లు గీయండి. తర్వాత అటూ ఇటూ పూర్తిగా మడవండి. అలా మడిచినప్పుడు లోపలి అణుగొలుసులు సాగే దిశలో వరుస తీరి, ఆ చోటు మరింత గట్టిపడుతుంది. తెల్లని చార కనిపిస్తే కంగారు పడకండి. గోటితో రాసి చూడండి, పగులు తగలకపోతే ముక్క మంచిదే.

ఎండలో ఉండే వస్తువైతే నల్లరంగు రకం తీసుకోండి, అందులోని కార్బన్ నలుపు ఎండ దెబ్బను ఆపుతుంది. ఫ్రీజర్‌లో పెట్టే వాటికి మాత్రం పాలిథిన్ ఎంచుకోండి, గడ్డకట్టే చలిలో మామూలు పాలీప్రొపిలీన్ పెళుసవుతుంది.

ఇక అతికించడం. పాలీప్రొపిలీన్‌కు మామూలు జిగురు పట్టదు. మడతకు కనీసం ఒక సెంటీమీటరు దూరంలో గుండ్రని రంధ్రాలు చేసి, వాషర్లు వేసి చిన్న మరలతో బిగించండి. రంధ్రం అంచులు నున్నగా ఉండాలి.